ఆ దెయ్యానికి కాళ్ళు నొప్పి పుట్టవా?

ఒంగోలు మిత్రుడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైటు కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తారు. తెల్లవారుజామున పని పలచబడ్డాక ఫోనులో, చచ్చినవాళ్ళు లేచి నడిచే అమెరికన్ సిరీస్ 'ది వాకింగ్ డెడ్' చూడడం మొదలుపెట్టారు. మొదటి సీజన్ చూసిన వారం రోజులు యార్డు వెనక కుళాయి దగ్గరికి ఒంటరిగా వెళ్ళలేకపోయానని రాశారు. ఎనిమిదో సీజన్ మధ్యకు వచ్చేసరికి శవాలు గుంపులుగా నడిచి వస్తున్నా ఆవలింతలు తప్ప ఏమీ రాక ఆపేశారు. "లోకమంతా గొప్పదన్న సిరీస్ ఇది. నాకే ఎందుకు విసుగు పుట్టింది? సాగదీత వల్లనా, లేక ఇన్ని చావులు చూసి నా మనసే మొద్దుబారిపోయిందా? మిగిలిన మూడు సీజన్లు చూడమంటారా?" అన్నది ప్రశ్న.

మీ మనసు మొద్దుబారలేదు. సాగదీత వల్ల అన్నది కూడా సగమే నిజం. అసలు కారణం వేరే ఉంది. అది చెప్పడానికి నాకున్న అర్హత కూడా చెప్పేస్తాను: పద్నాలుగేళ్ళు హైదరాబాదులో దినసరి సీరియళ్ళకు కథ, మాటలు రాశాను. ప్రేక్షకుడి భయాన్ని వాయిదాల మీద ఎలా అమ్ముతారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అమ్మాను. ఇప్పుడు బిట్రగుంటలో మా పాత ఇంట్లో కూర్చుని ఇతరులు రాసినవి చూస్తున్నాను. మీరు ఎనిమిదో సీజన్ దాకా చూశారు కాబట్టి అంతవరకు కథ దాచకుండా మాట్లాడతాను. ఆ తర్వాతి భాగం గురించి మాట్లాడేటప్పుడు చచ్చేవాళ్ళ పేర్లు చెప్పను.

ముందు మొదటి సీజన్ మిమ్మల్ని ఎందుకు భయపెట్టిందో చూద్దాం. అది 2010 అక్టోబర్ 31న అమెరికాలో ఒక కేబుల్ చానల్‌లో మొదలైంది. మొత్తం ఆరే ఎపిసోడ్లు. మొదటి ఎపిసోడ్‌లో పార్కు దగ్గర గడ్డిలో పాకుతూ వచ్చే ఆ ఆడమనిషి గుర్తుందా? నడుము కింద శరీరం లేదు, చేతులతో ఈడ్చుకుంటూ వస్తుంది. కథానాయకుడు రిక్ మొదట ఆమెను చూసి బెదిరి సైకిలెక్కి పారిపోతాడు. తర్వాత తుపాకీ చేతికొచ్చాక పనిగట్టుకుని వెనక్కి వస్తాడు. ఆమె వల్ల అతనికి ప్రమాదమేమీ లేదు. ఆమె పక్కన కూర్చుని, ఇలా జరిగినందుకు బాధపడుతున్నానని చెప్పి, అప్పుడు కాలుస్తాడు. అదే సమయంలో ఇంకోచోట, రిక్‌కు ఆశ్రయమిచ్చిన మోర్గాన్ మేడ కిటికీలోంచి తుపాకీ గురిపెట్టి ఉంటాడు. వీధిలో నడుస్తున్నది చచ్చిపోయిన అతని భార్య. ఎంత ప్రయత్నించినా ట్రిగ్గర్ నొక్కలేడు. ఈ రెండు దృశ్యాలనూ ఒకదానిలో ఒకటి కలిపి చూపించారు.

యార్డు వెనక కుళాయి దగ్గర మిమ్మల్ని ఆపింది రక్తం కాదు, ఈ దృశ్యం. శవం నడవడం వింతే కానీ, వింతకు రెండు రోజులే ఆయుష్షు. ఆ శవం నిన్నటిదాకా ఒకరి భార్య అని తెలిసినప్పుడు పుట్టే వణుకు వేరు. ఆ మొదటి సీజన్‌లో చావుకు ఒక విలువ కట్టారు. ఎవరు చచ్చినా, ఆఖరికి అప్పటికే చచ్చినవాళ్ళు మళ్ళీ చచ్చినా, దానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు.

ఇక సాగదీత సంగతి. మీరు రెండో సీజన్‌తోనే విసుగు మొదలైందని రాశారు. చాలామంది అదే అంటారు. నేను ఒప్పుకోను.

రెండో సీజన్ వెనక పెద్ద కథే నడిచింది. సిరీస్‌ను తెరకెక్కించిన ఫ్రాంక్ డారబాంట్‌ను 2011 జులైలో, రెండో సీజన్ పని సాగుతుండగానే, చానల్ వాళ్ళు తొలగించారు. ఎపిసోడ్ల సంఖ్య ఆరు నుంచి పదమూడుకు పెరిగింది, ఎపిసోడ్‌కు పెట్టే డబ్బు మాత్రం తగ్గించారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తర్వాత డారబాంట్ లాభాల వాటా కోసం 2013లో కోర్టుకెక్కడం, 2021లో 20 కోట్ల డాలర్లకు రాజీ కుదరడం వేరే ముచ్చట. నా వంటివాడు ఆ సీజన్ చూస్తే ఒక్క విషయం వెంటనే పసిగడతాడు: కథంతా ఒక పొలం, ఒక ఇల్లు, ఒక పశువుల కొట్టం చుట్టూ తిరుగుతుంది. డబ్బు తక్కువైనప్పుడు మేము చేసే పనే అది. హాల్లో సోఫా, వంటగది, మేడమెట్లు. ఆ మూడు చోట్లే నలభై ఎపిసోడ్లు లాగించిన చరిత్ర నాకుంది.

కానీ ఆ పొలంలో వాళ్ళు ఏం చేశారో చూడండి. సోఫియా అనే చిన్నపిల్ల మొదటి ఎపిసోడ్‌లో రహదారి మీద తప్పిపోతుంది. ఆరు ఎపిసోడ్లు ఆ పిల్లకోసం వెతుకుతూనే ఉంటారు. అవును, నత్తనడకే. ఏడో ఎపిసోడ్‌లో కొట్టం తలుపు తెరుస్తారు. లోపల బంధించి ఉంచిన శవాలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి, వీళ్ళు ఒక్కొక్కదాన్నే కాల్చి పడేస్తారు. అంతా అయిపోయిందనుకున్నాక చివరగా ఒక చిన్న పాదం గుమ్మం దాటుతుంది. సోఫియా. అప్పటిదాకా ధైర్యంగా కాల్చినవాళ్ళు ఎవరూ తుపాకీ ఎత్తలేకపోతారు. రిక్ ముందుకు వస్తాడు.

ఆ ఆరు ఎపిసోడ్ల నెమ్మదితనం లేకపోతే ఆ ఒక్క నిమిషానికి అంత బరువు ఉండదు. వెతికినంతసేపూ ఆ పిల్ల కొట్టంలోనే ఉంది. అంటే కథకుడు మనల్ని మోసం చేయలేదు. మనమే ఆ తలుపు ముందు నుంచి నడిచిపోతున్నాం. కాబట్టి నెమ్మదిగా నడపడం నేరం కాదు. దేన్ని నెమ్మదిగా నడిపారన్నదే లెక్క.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు కావలి దగ్గర పల్లెల్లో తోలుబొమ్మలాట రాత్రంతా ఆడేవారు. పొద్దుపోయాక మొదలుపెడితే తెల్లవారుజాముకు ముగియాలి. తెల్లారితే తెర వెనక దీపానికి విలువ ఉండదు కదా, బొమ్మ నీడ కనపడదు. మైరావణ చరిత్ర ఆడుతున్నారంటే మా రైల్వే కాలనీ నుంచి కూడా జనం దుప్పట్లు తీసుకుని వెళ్ళేవారు. ఆంజనేయుడు తోకతో కోట కట్టి రామలక్ష్మణులకు కాపలా కాస్తుంటాడు. మైరావణుడు విభీషణుడి రూపంలో వచ్చి లోపలికి పోతాడు. ఆ వచ్చేది విభీషణుడు కాదని మాకు తెలుసు, ఆంజనేయుడికి తెలియదు. అక్కడ పిల్లలం అందరం అవ్వ కొంగు పట్టుకునేవాళ్ళం. చూడండి, కథ అందరికీ తెలుసు. రాముడికి ఏమీ కాదనీ తెలుసు, మైరావణుడి ప్రాణాలు తుమ్మెదల్లో ఉన్నాయనీ తెలుసు, ఆంజనేయుడు వాటిని నలిపేస్తాడనీ తెలుసు. అయినా భయం వేసేది.

ఆ బొమ్మలాట వాళ్ళు కూడా సాగదీసేవారు. ఊరి పెద్దలు చదివింపులు బాగా చదివించిన రాత్రి కథ త్వరగా కదిలేది కాదు. అయితే వాళ్ళు ఏది సాగదీసేవారంటే, కేతిగాడినీ బంగారక్కనూ. మధ్యలో ఆ ఇద్దరూ వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, చదివించినవాళ్ళ పేర్లు చెబుతారు, మోటు హాస్యం ఆడతారు. అది అరగంట నడిచినా ఎవరూ విసుక్కునేవారు కాదు. నవ్వు ఎంత సాగినా చెడదు. కానీ యుద్ధం వచ్చి, కాళ్ళ కింద చెక్కలు టకటకా మోగడం మొదలయ్యాక, మైరావణుడి చావును ఆపి మధ్యలో కేతిగాడిని దించిన ఆటగాణ్ణి నేను చూడలేదు. ఎవరైనా ఆ పని చేసి ఉంటే మా అవ్వ లేచి దుప్పటి దులుపుకుని వచ్చేసేది.

నేను మాత్రం ఆ పని చేశాను. ఎక్కడా రాయని విషయం, ఇక్కడ రాస్తున్నాను.

ఒక కుటుంబ సీరియల్‌లో దెయ్యం ట్రాక్ పెట్టమన్నారు. పెద్దకోడలు చనిపోయింది, ఆమె నీడ మేడమీద కిటికీ దగ్గర కనిపిస్తుంది. మూడు వారాల ట్రాక్‌గా వన్‌లైన్ రాసి ఇచ్చాను. చివరికి అది ఆమె చెల్లెలని తేలాలి, అన్యాయం బయటపడాలి, ముగియాలి. మొదటి వారం రేటింగు పెరిగింది. గురువారం లెక్కలు వచ్చాక ఫోన్ వచ్చింది: "ఆ దెయ్యాన్ని తేల్చేయకండి." సరే, ఇంకో వారం. తర్వాత ఇంకోటి. కిటికీ తెర కదులుతుంది, కోడలు చూస్తుంది, కెమెరా మూడుసార్లు ముందుకూ వెనక్కూ పోతుంది, ఆగిపోతుంది. మరుసటిరోజు చూస్తే అది గాలి, లేదా పిల్లి, లేదా పనిమనిషి. ఐదు నెలలు నడిపాం. ఒక రాత్రి మా అమ్మ ఇక్కడి నుంచి ఫోన్ చేసి, చాలా మామూలుగా, "ఒరేయ్, ఆ దెయ్యం ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉందా? దానికి కాళ్ళు నొప్పి పుట్టవా?" అని అడిగింది.

మొదటి వారంలో మేడమెట్లు ఎక్కడానికి భయపడిన మనిషి ఆమె. పక్కింటావిడను తోడు పిలుచుకునేదట. ఐదో నెలకు దెయ్యం కాళ్ళ మీద జాలిపడుతోంది! నవ్వాను కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆమెకు భయం పోయింది దెయ్యం పాతబడినందుకు కాదు. ఇరవైసార్లు "చూడు, వస్తోంది" అని చెప్పి ఇరవైసార్లు పిల్లిని చూపించాం. ఇరవై ఒకటోసారి నిజంగానే దెయ్యం వచ్చినా ఆమె నమ్మదు.

మీకు జరిగింది కూడా అదే. భయానక కథలో కథకుడి చేతిలో ఉండే సొమ్ము ఒక్కటే, చావు విషయంలో తన మాట చెల్లడం. చచ్చాడంటే చచ్చాడు. బతికాడంటే బతికాడు. ఆ మాట చెల్లకుండా పోయిన రోజు నుంచి తెర మీద ఎన్ని శవాలు నడిచినా అవి జీతానికి వచ్చిన మనుషుల్లాగే కనిపిస్తాయి. వాకింగ్ డెడ్ విషయంలో ఆ మాట చెల్లకుండా పోయిన సందర్భాలు రెండు. రెండూ ఆరో సీజన్‌లోనే ఉన్నాయి.

మొదటిది చెత్తకుండీ. 2015 అక్టోబర్‌లో వచ్చిన మూడో ఎపిసోడ్. మొదటి సీజన్ నుంచి రిక్ వెంట ఉన్న గ్లెన్, అతనితో వచ్చిన నికోలస్ ఒక పెద్ద ఇనుప చెత్తకుండీ ఎక్కి నిలబడతారు, చుట్టూ శవాల సముద్రం. నికోలస్ తనను తాను కాల్చుకుని గ్లెన్ మీద పడతాడు, ఇద్దరూ కింద పడతారు. గ్లెన్ ముఖం, దాని కింద చీల్చుతున్న పేగులు చూపించి వదిలేశారు. తర్వాతి వారాల్లో ఎపిసోడ్ మొదట్లో వేసే పేర్లలోంచి ఆ నటుడి పేరు కూడా తీసేశారు. దాదాపు నెల తర్వాత ఏడో ఎపిసోడ్‌లో తేలింది ఏమిటంటే, ఆ పేగులు నికోలస్‌వి, గ్లెన్ చెత్తకుండీ కిందికి పాకి బతికాడు.

పేర్ల పట్టికలోంచి తీసేయడం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. కథలో అబద్ధం ఆడడం వేరు. పాత్రలు అబద్ధమాడవచ్చు, కెమెరా కూడా కొంత దాచవచ్చు. కానీ పేర్ల పట్టిక కథలో భాగం కాదు, అది ప్రేక్షకుడికి ఇచ్చే రసీదు వంటిది. రసీదులో దొంగలెక్క రాస్తే ఇక ఆ కొట్లో సరుకు ఎవరు కొంటారు?

రెండోది బ్యాట్. ఆ సీజన్ చివరి ఎపిసోడ్ 2016 ఏప్రిల్ 3న వచ్చింది. ప్రతినాయకుడు నీగన్ రిక్ బృందంలో పదకొండు మందిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ముళ్ళకంచె చుట్టిన బ్యాటుతో ఒకరిని ఎంచుకుంటాడు. ఎవరినో చూపించలేదు. కెమెరాను చచ్చేవాడి కళ్ళ స్థానంలో పెట్టి, దెబ్బ వేసి, తెర నల్లగా చేశారు. జవాబు అక్టోబర్ 23న. మధ్యలో ఆరు నెలలకు పైగా. పోనీ అక్టోబర్‌లోనైనా నేరుగా చెప్పారా? ఎపిసోడ్ దెబ్బ తర్వాత నుంచి మొదలవుతుంది, దాదాపు ఇరవై నిమిషాల దాకా ఎవరు పోయారో బయటపెట్టరు.

మా అవ్వ కూడా కథ మధ్యలో ఆపేది. ఎర్రలాంతరు పట్టుకుని పట్టాల మీద నడిచే చచ్చిపోయిన పాయింట్స్‌మన్ కథ ఆమె సొంతం. లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్లు రాత్రంతా బుసకొట్టే రోజులవి, ఆ కథకు వేరే సంగీతం అక్కరలేదు. లాంతరు మా గేటు దగ్గరికి వచ్చి ఆగిందనగానే "ఇక పడుకో, రేపు చెబుతా" అనేది. అయితే మరుసటి రాత్రి సరిగ్గా గేటు దగ్గరే మొదలుపెట్టేది. ఆపడం తప్పు కాదు. ఆపిన చోట తిరిగి మొదలుపెట్టకపోవడం తప్పు.

ఇంకో తేడా ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. "ఎవరు చస్తారు?" అన్నది పొడుపుకథ. భయం కాదు. పొడుపుకథ విప్పడానికి మనిషి బుర్ర వాడతాడు, పందెం కడతాడు, ఆధారాలు వెతుకుతాడు. ఆ ఆరు నెలలు అభిమానులు చేసింది అదే. దెబ్బ చప్పుడులోంచి, నీడల్లోంచి, షూటింగు చోట కనపడిన నటుల్లోంచి జవాబు రాబట్టడానికి ప్రయత్నించారు. తీరా జవాబు వచ్చేసరికి గ్లెన్ ఒక మనిషిగా కాదు, పొడుపుకథకు విడుపుగా చచ్చాడు. అబ్రహాం మొదటి దెబ్బ, గ్లెన్ రెండోది. ఆ దృశ్యంలో అంత రక్తం పోయడం కూడా అందుకేనని నా అనుమానం. బరువు ఉండవలసిన చోట లేనప్పుడు రంగు పెంచుతారు. మా సీరియళ్ళలో మేము పిడుగుల చప్పుడు పెంచేవాళ్ళం.

ఈ సిరీస్‌కు మూలమైన బొమ్మల కథ (కామిక్స్) 2003లో మొదలైంది, రచయిత రాబర్ట్ కర్క్‌మన్. అందులో గ్లెన్ చావు వందో సంచికలో, 2012లో వచ్చింది. అదే నీగన్, అదే బ్యాట్. కానీ ఎవరిని కొట్టాడో ఆ సంచికలోనే చూపించేశారు. పాఠకుడు మిగిలిన నెలంతా గడిపింది అనుమానంతో కాదు, దుఃఖంతో. ఒకే సంఘటన, ఒకే చావు. మధ్యలో తెర దించిన చోటు మారేసరికి ఫలితం ఎంత మారిందో చూడండి.

ప్రేక్షకులు కూడా తీర్పు వెంటనే చెప్పేశారు. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ను అమెరికాలో ఆ రాత్రి సుమారు 1.7 కోట్ల మంది చూశారు. జవాబు తెలుసుకోవడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. మరుసటి వారం ఆ లెక్క సుమారు 1.25 కోట్లకు పడిపోయింది. మళ్ళీ ఎప్పుడూ పాత స్థాయికి రాలేదు. 2022 నవంబర్ 20న వచ్చిన చిట్టచివరి ఎపిసోడ్‌ను చూసినవాళ్ళు ఇరవై మూడు లక్షలకు కాస్త తక్కువ. టీవీ చూసే అలవాట్లే మారిపోయిన కాలం కాబట్టి ఆ తగ్గుదలంతా బ్యాట్ మీదికి తోయడం న్యాయం కాదు. కానీ ఒక్క వారంలో పోయిన ఆ నలభై అయిదు లక్షల మందికి అలవాటు మారిందని నేను నమ్మను.

మీరు ఆపిన చోటు గురించి ఒక మాట. రిక్ కొడుకు కార్ల్‌ను శవం కరిచినట్టు ఎనిమిదో ఎపిసోడ్ చివర చూపించారు, తొమ్మిదో ఎపిసోడ్‌లో చనిపోయాడు. సరిగ్గా అక్కడే మీరు ఆపేశారని రాశారు. అది విసుగు కాదనుకుంటాను. ఈ కథ మొదటి రోజు నుంచి చచ్చిన లోకంలో ఒక తండ్రి కొడుకును మనిషిగా పెంచగలడా అన్నదే కదా. ఆ ప్రశ్నకు జవాబు రాకముందే పిల్లవాణ్ణి తీసేశారు. మూలకథలో కార్ల్ చివరిదాకా ఉంటాడు, ముగింపు అతనిదే. ఆ బొమ్మల కథను 2019 జులైలో 193వ సంచికతో కర్క్‌మన్ ముందుగా ఎవరికీ చెప్పకుండా ముగించేశాడు. రాబోయే సంచికలకు ఉత్తుత్తి ముఖచిత్రాలు కూడా ప్రకటించి మరీ ముగింపును దాచాడు. ప్రేక్షకుణ్ణి అలా మోసం చేస్తే నాకు అభ్యంతరం లేదు! అది ముగింపును కాపాడడానికి ఆడిన అబద్ధం.

టీవీ వాళ్ళు మాత్రం సరిగ్గా తలకిందులుగా చేశారు. చివరి సీజన్ ఇంకా ముగియకముందే ఫలానా పాత్రలతో కొత్త సిరీస్‌లు వస్తున్నాయని ప్రకటించారు. డారిల్ పేరు 2020లోనే వచ్చింది, మ్యాగీ, నీగన్‌ల పేర్లు 2022 మొదట్లో. వచ్చే ఏడాది వేరే సిరీస్‌కు కాల్షీట్లు ఇచ్చిన మనిషి ఈ ఏడాది చావడని పిల్లవాడికైనా తెలుస్తుంది. అలా తెలిసిన మనుషుల మీదికి శవాలను తోలి, భయపడండి అంటే ఎలా?

ఇదంతా రచయితల చేతకానితనం అని మాత్రం అనకండి. ఆ గదిలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఒక చానల్‌కు పేరూ డబ్బూ ఒకే కథ వల్ల వస్తున్నప్పుడు ఆ కథను ముగించే హక్కు రచయితకు ఉండదు. ఆరు ఎపిసోడ్లు పదమూడయ్యాయి, పదమూడు పదహారయ్యాయి, చివరి రెండు సీజన్లు ఇరవై రెండు, ఇరవై నాలుగు. మొత్తం పదకొండు సీజన్లు, 177 ఎపిసోడ్లు. ముగింపు ఎక్కడో తెలియనివాడు మధ్యభాగం ఎలా రాస్తాడు? ఎవరిని ఎప్పుడు చంపాలో కథ చెప్పదు. ఒప్పందాలు, సీజన్ విరామాలు, వారం లెక్కలు చెబుతాయి. తెల్లవారని రాత్రి అది. బొమ్మలాట వాళ్ళకు ఆ బాధ లేదు, వాళ్ళకు తూరుపు ఉంది.

మనసు మొద్దుబారిందా అన్న మీ భయానికి కూడా చిన్న జవాబు. అలా అయితే మేకప్‌కు కూడా మొద్దుబారాలి కదా. గ్రెగ్ నికోటెరో బృందం చేసిన ఆ శవాల ముఖాలు ఏటికేడు మెరుగయ్యాయే తప్ప తగ్గలేదు. నీళ్ళలో ఉబ్బిన శవం, కాలిపోయిన శవం, చెట్టు వేళ్ళతో అల్లుకుపోయిన శవం. వాటిని చూసి మీరు ఇప్పుడు "బాగా చేశారు" అనుకుంటున్నారు. అంటే మీ కళ్ళు పనిచేస్తున్నాయి. మీరు ఉపసంహరించుకున్నది నమ్మకాన్ని.

ఇక అసలు ప్రశ్న: మిగిలినది చూడాలా?

ఎనిమిదో సీజన్‌లో మిగిలిన భాగం వదిలేయండి. యుద్ధం ముగుస్తుంది, నీగన్ ఓడతాడు, అతణ్ణి చంపకుండా బంధిస్తారు. అంతకుమించి మీకు అవసరం లేదు. నేరుగా తొమ్మిదో సీజన్‌కు వెళ్ళండి. అక్కడ పగ్గాలు ఆంజెలా కాంగ్ చేతికి వచ్చాయి, తేడా మూడు ఎపిసోడ్లలోనే తెలుస్తుంది. మనుషులు మళ్ళీ పరస్పరం మాట్లాడుకుంటారు, నాగలి బాగుచేసుకుంటారు, వంతెన కడతారు. కథానాయకుడు ఐదో ఎపిసోడ్‌తో వెళ్ళిపోతాడు (దీన్ని వాళ్ళే ముందుగా ప్రకటించారు కాబట్టి నేను చెడగొట్టినట్టు కాదు), కథ ఆరేళ్ళు ముందుకు దూకుతుంది.

మీరు చూడవలసింది ఆ సీజన్ ఎనిమిదో ఎపిసోడ్. రాత్రి, మంచు, పాత శ్మశానం. ఎనిమిదేళ్ళుగా మనకు శవాల గురించి కొన్ని నియమాలు నేర్పారు: అవి ఆలోచించవు, మాట్లాడవు, దెబ్బ తప్పించుకోవు. మనవాళ్ళలో ఒకడు అలవాటుగా, దాదాపు నిర్లక్ష్యంగా, కత్తి విసురుతాడు. ఎదురుగా ఉన్న శవం తల వంచి తప్పించుకుంటుంది.

నేను కుర్చీలోంచి లేచాను. అరవై దాటిన మనిషిని, ఈ వృత్తిలో బతికినవాణ్ణి, లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి ఉందో లేదో చూసుకున్నాను. ఆ శవం శవం కాదు; వాళ్ళు శవాల చర్మం తొడుక్కుని శవాల మధ్య నడిచే మనుషులు, గుసగుసగా మాట్లాడతారు. విభీషణుడి రూపంలో కోటలోకి వచ్చిన మైరావణుడే. భయం తిరిగి రావడానికి కొత్త రాక్షసుడు అక్కరలేకపోయింది. పాత నియమాన్ని ఇన్నేళ్ళు నిజాయితీగా పాటించి ఒక్కసారి తిప్పితే చాలింది. చావు మీద మాట తప్పారు కానీ శవాల నియమాల మీద మాత్రం పెద్దగా తప్పలేదు, అదొక్కటే వాళ్ళ దగ్గర మిగిలిన చెల్లే నాణెం. దాన్ని సరిగ్గా ఖర్చు పెట్టారు. ఆ సీజన్ పదిహేనో ఎపిసోడ్‌లో ఇంకో దెబ్బ ఉంది. బ్యాట్ ఎపిసోడ్‌లో చేసిన తప్పు ఇక్కడ చేయలేదు. ఎవరు పోయారో ఆ ఎపిసోడ్‌లోనే, వరుసగా, కళ్ళు తిప్పుకోనివ్వకుండా చూపిస్తారు.

పదో సీజన్ మొదటి పదహారు ఎపిసోడ్ల వరకు ఆ గుసగుసల వాళ్ళ కథ సాగి ముగుస్తుంది. అక్కడ ఆపేయండి. చిట్టచివరి ఎపిసోడ్ ఎలా ముగిసిందో తెలుసుకోవాలని మనసు లాగుతుంది. లాగనివ్వండి, నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది.

చూసే పద్ధతి గురించి కూడా ఒక మాట. మీరు ఫోనులో, వెలుతురు తగ్గించి, షిఫ్టు మధ్యలో ముక్కలు ముక్కలుగా చూశానన్నారు. ఆ శ్మశానం ఎపిసోడ్‌ను అలా చూడకండి. అది చాలా చీకటి ఎపిసోడ్, ఫోనులో మంచు తప్ప ఏమీ కనపడదు. సెలవు రోజున ఇంట్లో టీవీలో పెట్టుకోండి, ఫ్యాను చప్పుడు తక్కువగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మొదట వినపడేది కనపడదు. షిఫ్టులో ఉన్నప్పుడైతే అసలే వద్దు. ఆ కోసిన నల్లరాతి దిమ్మెల వరసల మధ్య నుంచి గాలి వీచినప్పుడు ఎలాంటి చప్పుడు వస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు.